డొప్పలా ముడుచుకున్న అణువు, సున్న పడ్డ జవాబు

ప్రశ్న: నమస్తే సార్. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు హన్మకొండల ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. మొన్న ఇంటర్నల్‌ల "సైక్లోఆక్టాటెట్రయీన్ ఆరోమాటికా, యాంటీఆరోమాటికా, నాన్‌ఆరోమాటికా?" అని ఇచ్చిండ్రు. 8 పై (π) ఎలక్ట్రాన్లు ఉన్నయి, 4ఎన్‌కు సరిపోతది గదా అని యాంటీఆరోమాటిక్ అని రాసిన. సున్న పడ్డది. నా కోచింగ్ నోట్సుల చూస్తే 4ఎన్ అంటే యాంటీఆరోమాటిక్ అనే ఉన్నది. ఏది నమ్మాలె? ఇంకొకటి, సైక్లోబ్యూటాడయీన్ సీసాల దొరకదు, నిలువదు అంటరు. దొరకని దాని మీద ఇన్ని పేజీలు ఎందుకు? చిన్న వలయం కాబట్టి బిగువుకు పగిలిపోతది అంటే సరిపోదా? అన్నీ బట్టీ పడుతున్న. కెమిస్ట్రీ నాతోని కాదేమో అనిపిస్తున్నది. మా అన్న గ్రూప్-2కు చదువుకో అంటున్నడు. ఏం చెయ్యాలె సార్?
— బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చి రాస్తున్న ఒక విద్యార్థిని

సమాధానం:

బిడ్డా,

ముందు మార్కు సంగతి తేల్చేద్దాం. నీకు సున్న వేసినవాళ్లు అన్యాయం చేయలేదు. సైక్లోఆక్టాటెట్రయీన్ నాన్‌ఆరోమాటిక్కే. పై ఎలక్ట్రాన్లు వలయం చుట్టూ తిరగడం వల్ల అణువుకు స్థిరత్వం దక్కితే ఆరోమాటిక్, నష్టం వస్తే యాంటీఆరోమాటిక్, ఆ తిరగడమే లేకపోతే నాన్‌ఆరోమాటిక్. ఆ మార్కు కోసం ఎవరి చుట్టూ తిరగకు. అట్లాగని నీ నోట్సులో ఉన్నది పచ్చి అబద్ధమూ కాదు. "వలయం చదునుగా ఉండి, చుట్టూ ఎక్కడా తెగకుండా సంయుగ్మం (పక్కపక్క పై ఎలక్ట్రాన్లు చేయి కలపడం) నడుస్తూ, అందులో 4ఎన్ పై ఎలక్ట్రాన్లు ఉంటే" అని మొదలు కావాల్సిన వాక్యం అది. దాని తల కోసేసి తోక నీ చేతిలో పెట్టారు.

నేను లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఇదే తప్పు బోర్డు మీద రాశాను. మూడు గళ్లు గీసి, మూడో గడిలో యాంటీఆరోమాటిక్ అని పెట్టి, కింద సైక్లోబ్యూటాడయీన్, దాని కింద సైక్లోఆక్టాటెట్రయీన్ రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిలగాడు లేచి "సార్, ఈ సైక్లోఆక్టాటెట్రయీన్ సీసాల దొరుకుతదా?" అన్నాడు. ఆ సాయంత్రం రసాయనాల క్యాటలాగ్ తిరగేశాను. దొరుకుతుంది. పసుపు రంగు ద్రవం, మరిగే స్థానం 142 డిగ్రీలు. నీళ్లు మరిగే వేడి దాటి ఇంకో నలభై డిగ్రీలు పైకి పోయినా విరిగిపోకుండా ఆవిరయ్యే పదార్థాన్ని పొద్దున క్లాసులో మహా అస్థిరం అని చెప్పి వచ్చాను నేను. మర్నాడు ఆ గడి చెరిపేశాను. ఎందుకు చెరిపానో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. నీ ఉత్తరం చదవగానే ఆ పిలగాడు కళ్లముందు నిలిచాడు.

బెంజీన్‌కు 6 ఎందుకు కలిసొచ్చిందో, సైక్లోబ్యూటాడయీన్‌కు 4 ఎందుకు కలిసిరాలేదో చూద్దాం. ఇది జర్మనీకి చెందిన ఎరిక్ హకెల్ 1931లో వేసిన లెక్క. వలయంలో పై ఎలక్ట్రాన్లు కూర్చునే శక్తి స్థాయిలు ఒక వరుసలో వస్తాయి. అన్నిటికన్నా అడుగున ఒక్కటే స్థాయి. దాని పైన సమానమైన శక్తితో రెండేసి స్థాయిలు జతలుగా ఉంటాయి. ఒక్కో స్థాయిలో రెండు ఎలక్ట్రాన్లకే చోటు. అడుగున ఉన్నదానికి 2, పైన ఒక్కో జతకు 4. అందుకే నిండుగా కుదిరే లెక్కలు 2, 6, 10, 14 అని పోతాయి. 4ఎన్+2 అంటే ఇంతే. ఆ "+2" అడుగున ఒంటరిగా ఉన్న స్థాయిది. సూత్రం రాయమంటే అందరూ రాస్తారు గానీ, ఆ రెండు ఎక్కడివని వైవాలో అడిగితే చాలామంది నేల చూపులు చూస్తారు. నువ్వు ఇంక చూడనవసరం లేదు.

ఇప్పుడు 4 ఎలక్ట్రాన్లు పెట్టి చూడు. హన్మకొండలో హుజూరాబాద్ బస్సు ఎక్కావనుకో. ముందు సీటు నిండింది. వెనక అటొకటి ఇటొకటి ఇద్దరు పట్టే సీట్లు ఖాళీగా ఉన్నాయి. ముఖపరిచయం లేని ఇద్దరు ఎక్కితే ఒక్క సీట్లో ఇరుక్కుంటారా? చెరొక కిటికీ పట్టుకుంటారు. నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతురస్రంలోనూ లెక్క ప్రకారం ఇదే జరగాలి. రెండు ఎలక్ట్రాన్లు అడుగున జతకడతాయి. మిగతా రెండు పైన సమానంగా ఉన్న రెండు స్థాయిల్లో చెరొకదాంట్లో ఒంటరిగా మిగిలిపోతాయి. ఆ రెండు స్థాయిలు బంధాన్ని గట్టిపరిచేవీ కావు, చెడగొట్టేవీ కావు. అంటే వలయం చుట్టూ తిరిగే అవకాశం వచ్చినా ఆ రెండు ఎలక్ట్రాన్ల వల్ల అణువుకు దక్కింది ఏమీ లేదు. పైగా జత లేని ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు.

అందుకని అణువు ఆ చతురస్రంలోనే ఉండిపోదు. నులక మంచం చూడు, రెండు పట్టెలు పొడుగు, రెండు పొట్టి. సైక్లోబ్యూటాడయీన్ ఆ ఆకారానికి సాగిపోతుంది. లెక్కల ప్రకారం దాని పొట్టి భుజాలు సుమారు 1.34 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే అసలు సిసలు ద్విబంధాలు. పొడుగు భుజాలు 1.57 దాకా ఉంటాయి, మామూలు ఏకబంధం 1.54 కన్నా కూడా పొడుగు. బెంజీన్‌లో ఆరు భుజాలూ 1.39 దగ్గర సమానంగా ఉండటం నీకు తెలిసిందే. మంచం ఆకారం రాగానే సమానంగా ఉన్న ఆ రెండు స్థాయిల్లో ఒకటి కిందికి దిగుతుంది, ఒకటి పైకి పోతుంది. ఎలక్ట్రాన్లు రెండూ కిందిదాంట్లో జతకడతాయి. కొంత ఊరట. కానీ కొంతే. ఆ రెండు స్థాయిల మధ్య ఎడం తక్కువ కాబట్టి అణువు ఎప్పుడూ రియాక్షన్‌కు సిద్ధంగా ఉంటుంది. పక్కన ఇంకో సైక్లోబ్యూటాడయీన్ దొరికిందా, ఒకటి డయీన్‌గా (రెండు ద్విబంధాలు ఇచ్చేదిగా), ఒకటి డయీనోఫైల్‌గా (ఆ డయీన్‌ను పట్టుకునేదిగా) క్షణంలో అతుక్కుపోతాయి.

ఆ మంచం కూడా ఒక్క తీరున ఉండదు. పొడుగు పట్టెలు పొట్టివై, పొట్టివి పొడుగై అటూ ఇటూ మారుతుంటాయి. కార్బన్ అంత బరువైన పరమాణువులు మధ్యలో ఉన్న శక్తి అడ్డును ఎక్కి దిగకుండా దాంట్లోంచే దూరిపోయి ఈ మార్పు చేస్తాయని రసాయన శాస్త్రవేత్త బ్యారీ కార్పెంటర్ 1983లో లెక్కగట్టాడు. ఇలా దూరిపోవడమే టన్నెలింగ్. టన్నెలింగ్ అంటే ఎలక్ట్రాన్లకూ హైడ్రోజన్‌కూ మాత్రమే అనుకుంటున్న రోజుల్లో అది పెద్ద మాట. నీ సిలబస్‌లో లేదు. అయినా తెలిసి ఉండాలని రాస్తున్నా.

ఇక నీ బిగువు ప్రశ్న. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 90 డిగ్రీల మూలల్లో కార్బన్లకు ఇబ్బంది ఉన్నమాట నిజం. కానీ ఆ ఇబ్బందే అసలు కారణమైతే సైక్లోబ్యూటేన్ కూడా నిలవకూడదు కదా? అదీ నాలుగు మూలలదే, అయినా హాయిగా నిల్వ ఉంటుంది. ఒక ద్విబంధం ఉన్న సైక్లోబ్యూటీన్ కూడా అంతే. రెండో ద్విబంధం పెట్టగానే కథ మారిపోతుంది.

ఇంకా గట్టి సాక్ష్యం మూడు మూలల వలయంలో ఉంది. మూలకు 60 డిగ్రీలు, ఇంతకన్నా బిగువైన వలయం లేదు. దానికి 2 పై ఎలక్ట్రాన్లున్న సైక్లోప్రొపెనైల్ కేటయాన్‌ను (ధన అయాన్‌ను), మూడు ఫినైల్ గుంపులు తగిలించి, 1957లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బ్రెస్లో లవణంగా చేసి చూపించాడు. అదే త్రిభుజానికి ఇంకో రెండు ఎలక్ట్రాన్లిచ్చి ఆనయాన్ (రుణ అయాన్) చేయబోతే లెక్క 4 అవుతుంది, వలయం మొరాయిస్తుంది. మూలలు మారలేదు, బిగువు పోయి రాలేదు. మారిందల్లా ఎలక్ట్రాన్ల లెక్క. అలాంటి వలయాలకు సంయుగ్మం లాభం చేయకపోవడమే కాదు, ఎదురు నష్టం తెస్తుందని పట్టుబట్టి, 1960లలో యాంటీఆరోమాటిక్ అనే పేరును వాడుకలోకి తెచ్చింది కూడా బ్రెస్లోనే.

ఐదు మూలల వలయంలోనూ ఇట్లాగే. సైక్లోపెంటాడయీన్ ఉత్త హైడ్రోకార్బన్. అయినా దాని పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం బలం) 16 దగ్గర ఉంటుంది, అంటే ఆల్కహాల్ పక్కన నిలబడేంత ఆమ్లం. ప్రోటాన్ వదిలేస్తే 6 ఎలక్ట్రాన్లు వస్తాయని దానికి అంత తొందర. అదే వలయం నుంచి ఆనయాన్ బదులు కేటయాన్ తీయాలని చూశారు. మామూలు సైక్లోపెంటైల్ అయొడైడ్‌కు వెండి లవణం కలిపితే అయొడైడ్ గబగబా ఊడి వచ్చి సిల్వర్ అయొడైడ్ కూర్చుంటుంది. రెండు ద్విబంధాలున్న అయొడోసైక్లోపెంటాడయీన్‌కు అదే లవణం, అదే చలిలో కలిపితే కదలిక లేదు. ఊడితే 4 ఎలక్ట్రాన్ల కేటయాన్ మిగులుతుంది మరి. ఏడు మూలల ట్రోపిలియం బ్రోమైడ్ అయితే ఉప్పులాగ నీళ్లలో కరుగుతుంది, ఎందుకంటే అక్కడ కేటయాన్‌లోనే 6 ఉన్నాయి. నెట్ పరీక్షలో ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఏది తొందరగా అయనీకరణం చెందుతుందని అడగడం పాత అలవాటు.

బిగువు వాటా ఎంత, యాంటీఆరోమాటిక్ వాటా ఎంత అని కొలిచినవాళ్లూ ఉన్నారు. 1999లో వెలువడిన ఒక కొలత ప్రకారం, బిగువూ సంయుగ్మమూ లేని ఊహా నమూనాతో పోలిస్తే సైక్లోబ్యూటాడయీన్ మోల్‌కు సుమారు 87 కిలోక్యాలరీలు ఎక్కువ శక్తి మోస్తోంది. అందులో బిగువు వాటా 32. మిగతా 55 యాంటీఆరోమాటిసిటీదే. బెంజీన్ మనకు క్లాసులో గొప్పగా చెప్పే స్థిరత్వ లాభం 36 అని గుర్తు తెచ్చుకో, అప్పుడు 55 ఎంత నష్టమో తెలుస్తుంది. నువ్వు చెప్పిన బిగువు ఉంది. పెద్ద భాగం మాత్రం దానిది కాదు.

ఇప్పుడు నీకు సున్న తెచ్చిన అణువు దగ్గరికి వద్దాం. యాంటీఆరోమాటిక్ కావడమంటే ఇంత నష్టం కాబట్టి, దారి దొరికిన ఏ అణువూ ఆ స్థితిలో నిలబడదు. అందుకే 4ఎన్ లెక్క కనపడగానే నేను గడి నింపను. "నువ్వు ఎటు తప్పించుకున్నావు?" అని అణువును అడుగుతాను. ఇన్నేళ్లలో ఈ పాఠానికి నాకు దొరికిన తాళంచెవి ఇది ఒక్కటే.

సైక్లోబ్యూటాడయీన్‌కు వంగడానికి చోటు లేదు, నాలుగే కార్బన్లు. అందుకే మంచంలా సాగడంతో సరిపెట్టుకుంది. ఎనిమిది కార్బన్ల వలయానికి ఆ ఇరుకు లేదు. మీ ఇంట్లో మోదుగాకులతో విస్తర్లు కుట్టడం చూసే ఉంటావు. అవే ఆకులను అంచులు పైకి మడిచి పుల్లతో గుచ్చితే డొప్ప. సైక్లోఆక్టాటెట్రయీన్ విస్తరి కాదు, డొప్ప. ఒక ద్విబంధం ఇటు వాలితే పక్కది అటు వాలి ఉంటుంది. పక్కపక్క ద్విబంధాల పై ఆర్బిటాల్‌లు (ఆ ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) ఒకదానికొకటి ఎదురుపడవు. ఎదురుపడకపోతే చేయి కలవదు, చేయి కలవకపోతే వలయం చుట్టూ సంయుగ్మం సాగదు. సాగని చోట 8 అయితే ఏమిటి, 6 అయితే ఏమిటి? హకెల్ లెక్క ఆ అణువుకు వర్తించదు. దాని బంధాలు కొలిస్తే నాలుగు పొట్టివి, నాలుగు పొడుగువి వస్తాయి. బ్రోమిన్ పోస్తే మామూలు ఆల్కీన్‌లాగ రంగు పోగొడుతుంది. నీ ఎలక్ట్రాన్ల లెక్క సరిగ్గానే ఉంది బిడ్డా. ఆ లెక్క ఎవరికి వేయాలో చూసుకోలేదు, అంతే.

ఇక్కడ తెలివైన పిల్ల ఇంకో ప్రశ్న అడగాలి. నువ్వు అడిగినట్టే అనుకుని చెబుతా. చదునైన అష్టభుజిలో మూలకు 135 డిగ్రీలు వస్తుంది, ద్విబంధపు కార్బన్‌కు ఇష్టమైనది 120. మరి ఈ కోణం బాధకే వంగిందేమో, ఎలక్ట్రాన్ల లెక్కతో పనేముంది? కోణం బాధ కూడా ఉంది, కాదనను. కానీ దీనికి పొటాషియం లోహం ఇచ్చి చూడు. రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని డయానయాన్ అవుతుంది, లెక్క 10. డొప్ప కాస్తా సాఫుగా విస్తరి అయిపోతుంది. ఎనిమిది బంధాలూ సమానమవుతాయి. 1960లో థామస్ కట్జ్ చూపించాడు దీన్ని. కోణం అప్పుడూ 135 డిగ్రీలే. లాభం కనపడితే అదే కోణాన్ని అణువు ఓర్చుకుంది, నష్టం కనపడితే ఓర్చుకోలేదు. ఈ ఒక్క ఉదాహరణ నీకు బాగా పట్టుబడితే మిగతా అధ్యాయం దానంతటదే వస్తుంది.

ఈ అణువు వెనక ఒక మనిషి కథ ఉంది, అది చెప్పకుండా నేను ఎప్పుడూ ఈ పాఠం ముగించలేదు. రిచర్డ్ విల్‌స్టాటర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1905లో సైక్లోబ్యూటాడయీన్ చేయాలని చూసి విఫలమయ్యాడు. తర్వాత దానిమ్మ చెట్టు బెరడులో దొరికే ఒక ఆల్కలాయిడ్‌తో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కి, 1911లో సైక్లోఆక్టాటెట్రయీన్ సాధించాడు. చివరికి చేతికొచ్చింది కొద్దిపాటే. అది బెంజీన్‌కు అన్నలా స్థిరంగా ఉంటుందని అందరూ ఎదురుచూస్తే, ఆల్కీన్‌లా ప్రవర్తించింది. అప్పటికి హకెల్ లెక్క లేదు, డొప్ప సంగతి తెలియదు. దాంతో కొందరు ఆయన్నే నమ్మలేదు. నువ్వు చేసింది స్టైరీన్ అయ్యుంటుంది, దాని ఫార్ములా కూడా సి8హెచ్8 కదా అన్నారు. ఆ అనుమానం ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. 1940లలో వాల్టర్ రెప్పె నాలుగు ఎసిటిలీన్ అణువులను నికెల్ ఉత్ప్రేరకంతో కలిపి ఇదే పదార్థం చేశాడు. అమెరికాలో ఆర్థర్ కోప్ బృందం విల్‌స్టాటర్ దారిలోనే మళ్లీ నడిచి చూసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. ఆ తేలడం లోకానికి తెలిసేసరికి విల్‌స్టాటర్ లేడు, 1942లో స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో పోయాడు. క్లోరోఫిల్ మీద చేసిన పనికి నోబెల్ అందుకున్నంతటివాడు, ఒక పసుపు ద్రవం విషయంలో మాట నెగ్గకుండానే వెళ్లిపోయాడు. నాకు ఇప్పటికీ ఇది చెబుతుంటే గొంతు పట్టేస్తుంది.

దొరకని దాని మీద ఇన్ని పేజీలు ఎందుకని అడిగావు. దొరకదని నీకు చెప్పినవాళ్లు కూడా సగమే చెప్పారు. దాన్ని పట్టుకోవడానికి పడ్డ పాట్లలోనే ఎంతో కెమిస్ట్రీ పుట్టింది. ఒంటరిగా వదిలితే జతకోసం ఎగబడుతుంది కాబట్టి ముందు లోహానికి అప్పగించారు. అలా నిలుస్తుందని లాంగెట్-హిగ్గిన్స్, ఆర్గెల్ 1956లో కాగితం మీదనే చెప్పారు. 1965లో రోలండ్ పెటిట్ బృందం ఇనుము, మూడు కార్బన్ మోనాక్సైడ్‌లతో కలిపి సైక్లోబ్యూటాడయీన్‌ను పసుపు స్ఫటికాలుగా చేసింది. ఇనుముతో పంచుకున్నప్పుడు అదే వలయం బెంజీన్‌లాగ ప్రతిక్షేపణ చర్యలు చేస్తుంది! కావాల్సినప్పుడు ఆక్సీకరణం చేసి ఇనుమును తప్పిస్తే సైక్లోబ్యూటాడయీన్ అక్కడికక్కడ విడుదలై పక్కనున్నదాన్ని పట్టుకుంటుంది. ఘనాకారపు క్యూబేన్‌ను ఈ దారిలో కూడా చేశారు.

1973లో చలి పద్ధతి వచ్చింది. ఆల్ఫా-పైరోన్ అనే పదార్థాన్ని గడ్డకట్టిన ఆర్గాన్‌లో, 8 కెల్విన్ దగ్గర, అంటే సున్నకు కింద 265 డిగ్రీల చలిలో బిగించి వెలుతురు కొట్టారు. కార్బన్ డయాక్సైడ్ విడిపోయి సైక్లోబ్యూటాడయీన్ మిగిలింది. ఆ ఆర్గాన్ గడ్డ కాస్త మెత్తబడి అణువులకు కదలిక వచ్చిందంటే చాలు, జంటలైపోతాయి. 1978లో గుంటర్ మాయర్ నాలుగు మూలలకూ నాలుగు టెర్షరీ-బ్యూటైల్ గుంపులు తగిలించి, గది ఉష్ణోగ్రత దగ్గర కూడా నిలిచే ఘనపదార్థంగా చూపించాడు. నలుగురు భారీ మనుషులు చుట్టూ నిలబడితే లోపలివాడిని ఎవరు ముట్టుకుంటారు? 1991లో డొనాల్డ్ క్రామ్ పని అన్నిటికన్నా ముచ్చటైనది. మన ఇళ్లలో వడ్లు పోసే గుమ్మి ఉంటుందే, అలాంటి బోలు అణువును తయారుచేసి, దాని కడుపులో ఒకే ఒక్క పైరోన్ అణువును పెట్టి వెలుతురు కొట్టాడు. సైక్లోబ్యూటాడయీన్ గుమ్మిలో ఒంటరిగా, మామూలు గది వేడిలో, ద్రావణంలో మిగిలింది. దాని అస్థిరత్వం అంటే తనంతట తాను పగిలిపోవడం అనుకున్న నీ మాటకు జవాబు ఇక్కడే ఉంది. ముట్టుకునేవాళ్లు లేకపోతే అది బతుకుతుంది.

ఇవన్నీ ఎక్కడో విదేశీ ల్యాబుల ముచ్చట్లు అనుకోకు. మీ ప్రాక్టికల్స్‌లో టెట్రాసైక్లోన్ ఉంటే ఇదే సంగతి కళ్లతో చూడొచ్చు. సైక్లోపెంటాడయీనోన్ అనే వలయంలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల మిగిలిన భాగానికి 4 ఎలక్ట్రాన్ల కేటయాన్ పోలిక వస్తుంది. ఉత్తది అయితే చేతికి చిక్కకముందే రెండు రెండుగా అతుక్కుంటుంది. దానికి నాలుగు ఫినైల్ గుంపులు తగిలిస్తే టెట్రాసైక్లోన్. బెంజిల్, డైబెంజైల్ కీటోన్ రెండూ ఎథనాల్‌లో వేసి వేడిచేస్తుంటే ద్రావణం లేత పసుపుగా ఉంటుంది. కండెన్సర్ పైనుంచి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కొంచెం కొంచెం పోయి. మొదటి పోతకే రంగు తిరుగుతుంది. చూస్తుండగానే నేరేడు పండు పిసికినట్టు ముదురు ఊదా అయి, పావుగంటలో ఫ్లాస్క్ అవతల నీ వేలు కనపడదు. ఐసులో పెట్టి వడపోస్తే నల్లగా మెరిసే పలుకులు, చల్లటి ఎథనాల్‌తో కడుగుతుంటే కాగితం మీద ఊదా మరకలు. ఆ పలుకులను సీసాలో పోసి వచ్చే ఏడాది జూనియర్లకు చూపించొచ్చు. ఫినైల్ గుంపుల కాపలా అంటే అదీ. అంత ముదురు రంగు ఎందుకో ఆలోచించు. ఎలక్ట్రాన్ ఎగరాల్సిన ఎడం తక్కువ కావడం అక్కడా ఉంది.

పరీక్షలో ఎట్లా రాయాలంటే, లెక్క ఆఖరున పెట్టు. ముందు వలయం చుట్టూ ప్రతి పరమాణువు దగ్గరా పి ఆర్బిటాల్ ఉందా చూడు. తర్వాత అది చదునుగా ఉండగలదా, వంగి తప్పించుకోగలదా చూడు. ఆ రెండూ దాటాకే 4ఎన్, 4ఎన్+2. సైక్లోఆక్టాటెట్రయీన్‌కు "టబ్ ఆకారం, పక్కపక్క ద్విబంధాల ఆర్బిటాల్‌లు కలవవు, కనుక నాన్‌ఆరోమాటిక్, డయానయాన్ చదును, 10 ఎలక్ట్రాన్లు, ఆరోమాటిక్" అని రెండు ముక్కలు రాస్తే ఎవరూ మార్కు కోయలేరు. "ఎన్" అంటే అణువులో దేన్నో లెక్కపెట్టాలని వెతకకు, అది ఉత్త పూర్ణసంఖ్య. ఈ పొరపాటు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం తేడా లేకుండా అందరూ చేస్తారు.

గ్రూప్-2 సంగతి. ఇంట్లో జీతం అవసరం ఉండి మీ అన్న ఆ మాట అంటే, కూర్చుని మాట్లాడుకోండి, దాంట్లో నేను వేలు పెట్టను. కానీ కెమిస్ట్రీ నాతోని కాదు అన్న కారణంతో అయితే వద్దు. బట్టీ పట్టేవాళ్లకు నోట్సు ఒకటి, పేపర్ దిద్దినవాళ్లు ఒకటి చెబుతున్నారన్న అనుమానం రాదు. బిగువు చాలదా అని అడగాలని అసలే తోచదు. నీకు తోచింది. ఎమ్మెస్సీ ఇంకో ఏడాదిన్నర, అది పూర్తి చేయి. గ్రూప్స్ నోటిఫికేషన్ ఆ తర్వాత వచ్చినా నీ డిగ్రీ ఎక్కడికీ పోదు. ఈలోగా జూనియర్ లెక్చరర్, నెట్ రెండూ చూసుకో. ఇంగ్లిష్ పేర్లు నోట్లో తిరగట్లేదని భయమైతే, రోజూ పది అణువుల పేర్లు పైకి చదువు. సైక్లోఆక్టాటెట్రయీన్ అని ఇరవై సార్లు అన్నాక అది నీ మాటే అవుతుంది.

సెలవులు అయిపోయేలోగా ఒక పని చేయి. చీపురు పుల్లలు సమానంగా విరిచి, రేగడి మట్టి ఉండలతో ఎనిమిది మూలల వలయం కట్టు. మట్టి పచ్చిగా ఉండగానే దాన్ని డొప్పలా వంచి, మళ్లీ చదును చేసి చూడు. తర్వాత రెండు ఐదు మూలల వలయాలను ఒక భుజం పంచుకునేలా అతికించు. అది పెంటలీన్, ఎనిమిది కార్బన్లు, 8 పై ఎలక్ట్రాన్లు. అదీ వంగుతుందేమో పుల్లలతోనే చూడు. వంగదని తేలితే, అది ఎటు తప్పించుకుంటుందో, రెండు ఎలక్ట్రాన్లు ఎక్కువ ఇస్తే ఏమవుతుందో ఒక పేజీలో రాసి దీపావళి లోపు నాకు పంపు. తెలుగులో రాసినా సరే.